మూత్రం శాంపిల్ ఎండలో ఉండిపోతే స్టెరాయిడ్ పరీక్ష తప్పుగా రావచ్చా? చెల్లి కోసం అడుగుతున్నాను

పల్నాటి_పరుగు
అందరికీ నమస్కారం. మా చెల్లి 800 మీటర్లు పరిగెత్తుతుంది. 19 ఏళ్లు. మే నెలలో ఒక మీట్‌లో రెండో స్థానం వచ్చింది. ఫినిష్ లైన్ దాటి ఇంకా ఊపిరి తీసుకుంటుండగానే డోప్ టెస్ట్ వాళ్లు వచ్చి సంతకం పెట్టించుకున్నారు. శాంపిల్ ఇచ్చింది, రెండు సీసాల్లో పోసి తనే మూత బిగించింది. అంతవరకు అంతా పద్ధతిగానే జరిగింది.

తర్వాత జరిగిందే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆ సీసాల సంచి మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6:30 దాకా వరండాలో కుర్చీ కింద ఉంది. ఆ రోజు ఎండ 44 డిగ్రీలు. శనివారం తీసిన శాంపిల్ సోమవారం గానీ కొరియర్‌కి వెళ్లదని అక్కడి మనిషే ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. ఏ ఊరో, ఎవరో ఇక్కడ రాయను. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి రాలేదు.

చెల్లి ఏ మందూ వాడదు. జ్వరం మాత్ర కూడా నన్ను అడిగే వేసుకుంటుంది. కానీ ఒక సీనియర్ అథ్లెట్ "పాడైన మూత్రంలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది" అన్నాడట. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. అది నిజమేనా?

కృష్ణాతీరం
తమ్ముడూ, నేను విజయవాడలో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా. డోపింగ్ పరీక్షలు మేం చేయం. కానీ మూత్రం ఎలా పాడవుతుందో రోజూ చూస్తుంటాం.

కల్చర్ పరీక్షకు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఇచ్చిన మూత్రం బయట రెండు గంటలు దాటితే మేం తీసుకోం, మళ్లీ ఇమ్మంటాం. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటలు ఆగుతుంది. దూరం నుంచి రావాలంటే బోరిక్ యాసిడ్ వేసిన డబ్బా ఇస్తాం. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మధ్యాహ్నానికి వంద ఉంటే రాత్రికి లెక్కపెట్టలేం.

చాలామంది సీలు వేశారు కదా అనుకుంటారు. సీలు బయటి మనిషి చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. చర్మం నుంచో, కప్పు నుంచో, ఇన్‌ఫెక్షన్ వల్లో ముందే లోపలికి చేరిన బ్యాక్టీరియాను అది ఏమీ చేయదు. ఆడపిల్లల శాంపిళ్లలో ఇది ఇంకా ఎక్కువగా చూస్తాం.

పాడైన మూత్రం మూత తీయగానే తెలిసిపోతుంది. ముక్కు పగిలేలా అమ్మోనియా వాసన. బ్యాక్టీరియా యూరియాను విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 8 దాటిపోతుంది. స్టెరాయిడ్ల సంగతి నా కంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

ఇనుప_బార్
నేను విజయనగరం జిల్లావాణ్ని, పదిహేనేళ్లు బరువులెత్తాను. ముందే ఒక మాట. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరూ మొదట చెప్పేది ఇదే: శాంపిల్ మార్చేశారు, ఎండలో పెట్టారు, ల్యాబ్ తప్పు చేసింది. నాతో పాటు హాల్‌లో ఎత్తినవాళ్లలో సూదులు వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లూ ఇదే పాట పాడారు. నిజాయితీగా ఎత్తి నాలుగో స్థానంలో మిగిలిపోయినవాడి బాధ ఎవరూ రాయరు. మీ చెల్లిని అనడం లేదు తమ్ముడూ. కానీ ఈ చర్చ చదివి రేపు ఇంకొకడు దీన్ని సాకుగా వాడుకుంటాడేమోనని నా భయం.

అణువు
బార్ అన్న భయం న్యాయమైనదే. అందుకే వివరంగా రాస్తాను. నేను హైదరాబాద్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతి) మీద పనిచేస్తాను, స్టెరాయిడ్లే నా సబ్జెక్ట్.

శరీరం టెస్టోస్టిరాన్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను ఉన్నదున్నట్టు మూత్రంలోకి వదలదు. గ్లూకురోనిక్ యాసిడ్ అనే చక్కెర లాంటి దాన్ని అతికించి, నీళ్లలో కరిగేలా చేసి పంపుతుంది. ల్యాబ్‌లో మొదటి పని ఆ అతుకు విడగొట్టడం. అందుకు వాడే ఎంజైమ్ పేరు బీటా-గ్లూకురోనిడేజ్, దాన్ని ఈ.కోలై నుంచే తీస్తారు. ఆ తర్వాత గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీలో టెస్టోస్టిరాన్ ఎంత, దాని జంట అణువు ఎపిటెస్టోస్టిరాన్ ఎంత అని కొలుస్తారు. ఈ రెండింటి నిష్పత్తినే టీ-ఈ అంటారు. చాలామందిలో ఇది 1కి అటూ ఇటూ ఉంటుంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే పైది పెరుగుతుంది, కిందిది పెరగదు. అనుమానపు గీత మొదట 6 దగ్గర ఉండేది, 2005 నుంచి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) దాన్ని 4కి దించింది.

ఇప్పుడు ఎండలో ఉన్న సీసాకు వద్దాం. అందులో ఈ.కోలై పెరిగితే ల్యాబ్ చేయాల్సిన పనినే అది ముందుగా మొదలుపెడుతుంది. అతుకు విడిపోయి స్వేచ్ఛగా ఉన్న టెస్టోస్టిరాన్ కనిపిస్తుంది. ఈ ఒక్కదానివల్లే టీ-ఈ మారిపోదు. ఎందుకంటే ల్యాబ్ అతుకు ఉన్నదీ లేనిదీ కలిపే లెక్కిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. కొన్ని సూక్ష్మజీవులు మూత్రంలో దండిగా ఉండే డీహెచ్‌ఈఏ లాంటి వేరే స్టెరాయిడ్లను మార్చి కొత్తగా టెస్టోస్టిరాన్ తయారు చేయగలవు.

ఆడపిల్లల విషయంలో ఇది ఎందుకు ప్రమాదమో చిన్న లెక్కతో చూడండి. ఒకమ్మాయి మూత్రంలో మిల్లీలీటరుకు టెస్టోస్టిరాన్ 4 నానోగ్రాములు, ఎపి 4 అనుకుందాం. నిష్పత్తి 1. బ్యాక్టీరియా 20 కలిపితే 24ని 4తో భాగించాలి, అంటే 6. అదే ఒక అబ్బాయికి 40, 40 ఉంటే అదే 20 కలిసినా 1.5 దగ్గరే ఆగుతుంది. (ఇవి అర్థం కావడానికి వేసిన అంకెలు.)

అంటే సీనియర్ చెప్పింది పుకారు కాదు. అలా జరగడానికి వీలుంది. కానీ ప్రతి పాడైన శాంపిల్‌లో అలా జరగదు.

మాంచెస్టర్_మాధవి
నేను గుంటూరు అమ్మాయిని, మాంచెస్టర్‌లో నర్సుగా చేస్తున్నాను. ఈ ఊళ్లో పాత తరం అథ్లెటిక్స్ వాళ్లని అడిగితే డయాన్ మోడాల్ పేరు చెబుతారు. మీ చెల్లిలాగే 800 మీటర్లు. 1990 ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం.

1994 జూన్ 18న లిస్బన్‌లో ఒక మీట్‌లో ఆమె శాంపిల్ ఇచ్చింది. రెండు నెలల తర్వాత, కెనడాలోని విక్టోరియాలో తన కామన్వెల్త్ స్వర్ణాన్ని నిలబెట్టుకోవడానికి సిద్ధమవుతుండగా కబురు వచ్చింది. టీ-ఈ నిష్పత్తి 42. పరుగు పెట్టకుండానే ఇంటికి తిరుగు ప్రయాణం. ఆ డిసెంబర్‌లో బ్రిటిష్ అథ్లెటిక్ ఫెడరేషన్ నాలుగేళ్ల నిషేధం వేసింది.

ఆమె ఒప్పుకోలేదు. తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, లిస్బన్ వేసవిలో ఆ సీసాలు ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి ఉన్నాయి. ల్యాబ్ తెరిచినప్పుడు పీహెచ్ 8.8 దరిదాపుల్లో ఉంది, పైన కృష్ణాతీరం గారు చెప్పిన ఆ అమ్మోనియా స్థితి. రసాయన శాస్త్రవేత్త సైమన్ గాస్కెల్ మహిళల మూత్రాన్ని అలాంటి వేడిలోనే ఉంచి చూస్తే, కొన్ని శాంపిళ్లలో టెస్టోస్టిరాన్ నిజంగానే పెరిగింది. 1995 జులైలో అప్పీలు ప్యానెల్ నిషేధం ఎత్తేసింది. 1996 మార్చిలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య కూడా ఒప్పుకుంది. 1998 కౌలాలంపూర్‌లో ఆమె కాంస్యం గెలిచింది.

ఆ పతకం గురించి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. మధ్యలో పోయిన రెండేళ్లు 28 ఏళ్ల రన్నర్‌కి ఎవరు తిరిగిస్తారు?

పల్నాటి_పరుగు
మాధవి అక్కా, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. 42 అంటే ఎవరైనా దొంగ అనే అనుకుంటారు కదా. చెల్లికి ఇంకా చూపించలేదు.

నల్లకోటు
మోడాల్ కథలో ఇంకో సగం ఉంది, లాయర్‌గా అది నేను చెప్పాలి. నిర్దోషిగా తేలాక ఆమె ఫెడరేషన్ మీద నష్టపరిహారం దావా వేసింది. 1997లో ఆ ఫెడరేషనే దివాళా తీసింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం) దాకా వెళ్లి వచ్చింది, 2001లో కోర్ట్ ఆఫ్ అప్పీల్‌లో చివరికి ఓడిపోయింది. ఆమె తప్పు చేయలేదని ఒప్పుకోవడం వేరు, జరిగినదానికి వాళ్లతో డబ్బు కట్టించడం వేరు.

ఇప్పటి నిబంధన ఏమిటంటే, శాంపిల్ సేకరణలోనో రవాణాలోనో అంతర్జాతీయ ప్రమాణం తప్పితే దానంతట అదే ఫలితం రద్దు కాదు. "ఆ తప్పే ఈ ఫలితానికి కారణమై ఉండొచ్చు" అని క్రీడాకారుడు సహేతుకంగా చూపించాలి. అది చూపిస్తే బరువు అవతలి పక్షం మీదకు మారుతుంది. కారణం కాదని వాళ్లు నిరూపించాలి. వాడా కోడ్‌లో 3.2 చదవండి.

అందుకని ఎంతసేపు ఎండలో ఉంది, ఎన్ని డిగ్రీలు, ఎవరు చూశారు, ఇవన్నీ ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఆర్నెల్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పే మాటకు విలువ తక్కువ.

ఇనుప_బార్
మోడాల్ కథ నాకు తెలియదు. చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. నిజాయితీగా పరిగెత్తినమ్మాయికి అలా జరిగిందంటే అదీ నాలుగో స్థానంలో మిగిలిన నాలాంటివాడి బాధే.

కానీ అణువు గారూ, నా ప్రశ్న అలాగే ఉంది. స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ దొరికినవాడు కూడా ఎండ వల్లే అంటే?

అణువు
కుదరదు. స్టానోజొలాల్, మెథాండియనోన్ లాంటివి ఫ్యాక్టరీలో తయారైన అణువులు. మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఎంత వేడిలో పెరిగినా వాటిని పుట్టించలేదు. అవి కనిపిస్తే ఎండ మాట అక్కడ చెల్లదు.

నిల్వ ప్రశ్న వచ్చేది శరీరంలో సహజంగా ఉండే స్టెరాయిడ్ల దగ్గర, ఇంకా రెండు సరిహద్దు కేసుల దగ్గర. ఒకటి బోల్డెనోన్ అనే స్టెరాయిడ్. కొన్ని సూక్ష్మజీవులు టెస్టోస్టిరాన్ నుంచి దీన్ని కొద్ది మోతాదులో చేయగలవు. రెండోది నాండ్రొలోన్ అనే స్టెరాయిడ్‌కు ఆనవాలైన నార్‌ఆండ్రోస్టిరోన్. కొన్ని మూత్రాలు నిల్వలో అస్థిరంగా మారి, సహజమైన ఆండ్రోస్టిరోన్ నుంచి ఒక కార్బన్ రాలిపోయి అది తయారవుతుంది. ఈ సంగతి తెలిసే, తక్కువ మోతాదులో ఇవి కనిపించినప్పుడు ల్యాబ్ వెంటనే పాజిటివ్ అనేయదు. కార్బన్ రకాలను కొలిచే ఐఆర్ఎంఎస్ అనే పరీక్షకు పంపుతుంది.

ఐఆర్ఎంఎస్ గురించి ఒక్క మాట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన పరీక్ష అది. మందుల కంపెనీలు టెస్టోస్టిరాన్‌ను ఎక్కువగా సోయా లాంటి మొక్కల స్టెరాల్స్ నుంచి చేస్తాయి. అందులో బరువైన కార్బన్-13 వాటా మన ఒంట్లో తయారైనదానికంటే తక్కువ. సీసాలో బ్యాక్టీరియా తయారు చేసిన టెస్టోస్టిరాన్‌కి ముడిసరుకు ఆ మనిషి స్టెరాయిడ్లే కాబట్టి, దాని కార్బన్ కూడా ఆ మనిషిదే. అంటే ఎండ చేసిన టెస్టోస్టిరాన్‌కీ సూది చేసిన టెస్టోస్టిరాన్‌కీ తేడా పట్టుకోవచ్చు. 1994లో మోడాల్‌కు ఈ రక్షణ అందలేదు.

ఇంకోటి. ఇప్పుడు ల్యాబ్‌లు శాంపిల్ పాడైందా అని విడిగా చూస్తాయి. మొత్తం టెస్టోస్టిరాన్‌లో అతుకు లేనిది 5 శాతం దాటితే అనుమానం. ఆండ్రోస్టిరోన్‌తో పోలిస్తే 5-ఆల్ఫా-ఆండ్రోస్టేన్‌డయోన్ 0.1 వంతు చేరినా, ఎటియోకొలనొలోన్‌తో పోలిస్తే దాని 5-బీటా జంట అంత చేరినా అనుమానమే. ఇవి సూక్ష్మజీవుల పాదముద్రలు. బాగా పాడైందని తేలితే ఆ స్టెరాయిడ్ అంకెలను 2014లో మొదలైన స్టెరాయిడ్ పాస్‌పోర్ట్‌ (ఒక్కో క్రీడాకారుడి అంకెలను వరుసగా నమోదు చేసే రికార్డు) లెక్కలో కలపరు.

తుంగభద్ర
చాలా నేర్చుకుంటున్నాను. నాదో ప్రశ్న. ఆసుపత్రిలో బోరిక్ యాసిడ్ వేస్తారు కదా, డోపింగ్ సీసాలోనూ ఏదో ఒకటి వేసేస్తే గొడవ తీరదా? ఇంకోటి, మొదటి సీసా అంటే 'ఏ' (A) శాంపిల్ పాడైతే, రెండో సీసా 'బీ' (B) శాంపిల్ ఉంటుందిగా?

అణువు
బీ గురించి ముందు చెబుతాను, ఇది చాలామంది పొరబడే చోటు. ఒకే కప్పులో పట్టిన మూత్రాన్నే రెండు సీసాల్లో పోస్తారు. కనీసం 90 మిల్లీలీటర్లు పట్టి, ఏలో 60, బీలో 30. రెండూ ఒకే సంచిలో, అదే వరండాలో, అదే కొరియర్‌లో వెళతాయి. ల్యాబ్‌కి చేరకముందే పాడైతే రెండూ పాడైనట్టే. బీ శాంపిల్ ల్యాబ్ పొరపాటును పట్టిస్తుంది, దారిలో జరిగిన పొరపాటును పట్టించదు. మోడాల్ బీ శాంపిల్ కూడా పాజిటివే వచ్చింది.

నిల్వ మందు గురించి ఏథెన్స్ ల్యాబ్ వాళ్లు పనిచేశారు, బ్యాక్టీరియాను, ఎంజైమ్‌లను ఆపే మిశ్రమాన్ని సీసాలో వాడి చూశారు. ఇబ్బంది ఏమిటంటే ఒకే మూత్రంలో వందల పదార్థాలు వెతకాలి, ప్రొటీన్ హార్మోన్లు కూడా. వేసిన మందు ఏ ఒక్క పరీక్షకూ అడ్డు రాకూడదు. తర్వాత "మీరు వేసినదాని వల్లే నాకు పాజిటివ్ వచ్చింది" అనే వాదనకూ చోటివ్వకూడదు.

కృష్ణాతీరం
మరి చల్లగా పంపడం అన్నిటికంటే తేలిక కదా అణువు గారూ. మా ల్యాబ్ కుర్రాడు తెనాలి నుంచి టూవీలర్ మీద థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టుకుని శాంపిళ్లు తెస్తాడు.

అణువు
అదే నన్ను కలవరపెట్టే విషయం అన్నా. రక్త పాస్‌పోర్ట్ శాంపిల్‌కి డబ్బాలో ఉష్ణోగ్రత రాసుకునే పరికరం పెడతారు, ఒక సూత్రమే ఉంది: సగటు డిగ్రీలను 3తో గుణించి, తీసినప్పటినుంచి పరీక్ష దాకా గడిచిన గంటలు కలిపితే 85 దాటకూడదు. 5 డిగ్రీల దగ్గర ఉంచితే 70 గంటలు వస్తుంది. మూత్రానికి అలాంటి అంకె లేదు. ఆలస్యం వల్ల, విపరీతమైన వేడి వల్ల పాడవకుండా చూడాలని మాటల్లో ఉంది. మే నెలలో రెంటచింతలలో తీసిన శాంపిల్‌కీ జనవరిలో లంబసింగిలో తీసినదానికీ ఒకే మాట. మన దేశంలో ఈ పరీక్షలు చేసే వాడా గుర్తింపు ల్యాబ్ ఢిల్లీలో ఉంది, ఇక్కడి నుంచి దారి ఎంత దూరమో చూడండి. మూత్రం డబ్బాలో కూడా ఆ చిన్న పరికరం పెట్టాలని నేను గట్టిగా అంటాను. దొంగను పట్టడానికీ నిజాయితీపరుణ్ని కాపాడటానికీ ఒకేలా ఉపయోగపడుతుంది.

ఇనుప_బార్
దీనికి నేనూ సంతకం పెడతా. వేడి రికార్డు ఉంటే దొంగ సాకు చెప్పలేడు.

బాగా దాచిన శాంపిల్ ఏం చేస్తుందో మా ఆటే సాక్ష్యం. కజకిస్తాన్ లిఫ్టర్ ఇల్యా ఇల్యిన్‌ని మేం దేవుడిలా చూసేవాళ్లం. బీజింగ్ 2008, లండన్ 2012, రెండు స్వర్ణాలు. గడ్డకట్టించి దాచిన ఆ శాంపిళ్లను ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే దొరికాడు, 2016లో రెండూ పోయాయి. ఆ రెండు ఒలింపిక్స్ పాత శాంపిళ్లలో వంద మందికి పైగా బయటపడ్డారు. ఇప్పుడు పదేళ్ల దాకా దాచి మళ్లీ తీయొచ్చట. గోడమీద అతని ఫొటో తీసేసిన రోజు మా కోచ్ అన్నం తినలేదు.

అణువు
అవును, అక్కడ దొరికినవాటిలో ఎక్కువ ట్యూరినబాల్, స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ల దీర్ఘకాలపు ఆనవాళ్లు. మైనస్ 20 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగదు, అణువులు ఏళ్లపాటు నిలుస్తాయి. అయితే గడ్డకట్టించడం కాలాన్ని ఆపుతుందే గానీ వెనక్కి తిప్పదు. ముందే పాడైనది పాడైనట్టే గడ్డకడుతుంది.

800_మీటర్లు
నమస్తే. నేనే ఆ చెల్లిని. అన్నయ్య ఫోన్ ఇంట్లో మరిచిపోయి వెళ్తే మొత్తం చదివాను. నాకు చూపించకుండా దాచినందుకు కోపం వచ్చింది, తర్వాత పోయింది.

మోడాల్ గారి గురించి చదివి ఏడ్చాను. కానీ భయం కాస్త తగ్గింది కూడా. ఇన్నాళ్లూ పేరు లేని భయంగా ఉండేది. ఇప్పుడు పీహెచ్, 5 శాతం, కార్బన్ అని దేని గురించి అడగాలో తెలిసింది.

రెండు విషయాలు. శాంపిల్ ఇచ్చాక నాకు ఒక కాపీ ఇచ్చారు, స్పైక్స్ సంచిలో దొరికింది. దాని మీద శాంపిల్ నంబరు, టైమ్ ఉన్నాయి. ఇంకా ఆ సాయంత్రం నా స్నేహితురాలు నాతో వరండాలో సెల్ఫీ తీసుకుంది. వెనక కుర్చీ, దాని కింద సంచి కనిపిస్తున్నాయి. ఫొటోలో టైమ్ 5:52. ఇవి పనికొస్తాయా? ఇంకో ప్రశ్న: కాపీలో "వ్యాఖ్యలు" అనే గడి ఉంది, నేను ఖాళీగా వదిలేశాను. తప్పు చేశానా?

నల్లకోటు
తప్పేం లేదమ్మా. నువ్వు ఫారం నింపేసరికి సంచి ఇంకా ఎండలో పెట్టలేదు కదా, రాయడానికి ఏముంది? కాపీని, ఫొటో అసలు ఫైల్‌ని జాగ్రత్త చేయి. వాట్సాప్‌లో పంపిన కాపీ చాలదు, స్నేహితురాలి ఫోన్‌లో ఉన్నదే కావాలి. ఈ రాత్రే కూర్చుని చూసింది చూసినట్టు తేదీ వేసి రాయి, అన్నయ్య వేరుగా రాయాలి, ఇద్దరూ ఒకరిది ఒకరు చూసుకోకుండా. ఒకవేళ నోటీసు వస్తే ల్యాబ్ పూర్తి పత్రాల ప్యాకేజీ అడిగే హక్కు నీకుంది. అందులో శాంపిల్ ఎప్పుడు చేరింది, పీహెచ్ ఎంత అనేవి ముందు చూడాలి.

వచ్చేసారి మాత్రం ఆ గడి ఖాళీగా వదలకు. "ఈ శాంపిల్‌ని ఎక్కడ పెడతారు?" అని మర్యాదగా అడుగు. జవాబు ఆ గడిలో రాయి.

మాంచెస్టర్_మాధవి
బంగారం, ఏమీ రాకపోవచ్చు కూడా. ఎక్కువ శాంపిళ్లు నెగెటివ్‌గానే ముగుస్తాయి. ప్రాక్టీస్ మానేశావా?

800_మీటర్లు
పది రోజులు మానేశాను అక్కా. రేపు పొద్దున్న 5 గంటలకు గ్రౌండ్‌కి వెళ్తున్నాను, 300 మీటర్ల రిపిటీషన్లు ఆరు. అన్నయ్య స్టాప్‌వాచ్ పట్టుకుంటానన్నాడు. కృష్ణాతీరం అన్నా, వచ్చే నెల మీట్ విజయవాడలోనే, అప్పుడూ ఎండే ఉంటుందా?

కృష్ణాతీరం
అప్పటికి రెండు వానలు పడతాయిలే తల్లీ. అయినా ఐస్ ప్యాకుల డబ్బా ఒకటి తీసుకుని నేను స్టాండ్స్‌లో కూర్చుంటాను. ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను.

పల్నాటి_పరుగు
అన్నా, నా పక్కన సీటు మీకే.